మూడో తరగతి మ్యాథ్ స్కోరు ఒక్క ఏడాదిలో 13 పాయింట్లు తగ్గింది: స్కూల్ మారాలా? (టెక్సస్)

చుక్కలముగ్గు:

అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి రెండో తరగతి పూర్తిచేసి ఆగస్టులో మూడో తరగతిలోకి వెళ్తోంది, అంటే వచ్చే వసంతంలో మొదటిసారిగా రాష్ట్రం పెట్టే స్టార్ (STAAR) పరీక్షలు రాయబోతోంది. అందుకని మా ఎలిమెంటరీ స్కూల్ ఫలితాలను ఈసారి శ్రద్ధగా చూశాను. చూసినప్పటి నుంచి మనసు స్థిమితంగా లేదు.

మూడో తరగతి మ్యాథ్‌లో ‘మీట్స్’ స్థాయిని అందుకున్న పిల్లలు పోయిన ఏడాది 71 శాతం ఉంటే, ఈ ఏడాది 58 శాతమే ఉన్నారు. అదే తరగతిలో రీడింగ్ మాత్రం 63 నుంచి 67 శాతానికి పెరిగింది. స్కూల్ అదే, ప్రిన్సిపల్ అదే, టీచర్లు కూడా దాదాపు వాళ్ళే అయినప్పుడు ఒక సబ్జెక్టు కాస్త పైకి, మరొకటి ఇంతగా కిందికి ఎలా వెళ్తాయో నాకు అర్థం కావడం లేదు. మాకు పది నిమిషాల దూరంలో, వేరే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్న ఎలిమెంటరీలో మ్యాథ్ మీట్స్ శాతం 80 దాటి ఉంది. మా ఇంటి లీజు త్వరలో ముగుస్తుంది కాబట్టి అక్కడికి మారిపోదామని మావారు అంటున్నారు. అక్కడ అద్దె బాగా ఎక్కువ. పైగా మా అమ్మాయికి స్నేహితులందరూ ఇక్కడే ఉన్నారు.

ఈ 13 పాయింట్ల తగ్గుదలను నేను ఎంత తీవ్రంగా తీసుకోవాలి? స్కూల్ బోధన దెబ్బతిన్నదని దీన్నిబట్టి చెప్పవచ్చా? ఈ పరీక్షల లోపలి సంగతులు తెలిసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

పలకాబలపం:

చుక్కలముగ్గు గారూ, నేను ఇదే రాష్ట్రంలో ఒక పబ్లిక్ ఎలిమెంటరీ స్కూల్‌లో చాలాకాలంగా నాలుగో తరగతికి చెబుతున్నాను. ముందుగా మీరు చూసిన అంకె దేనిని కొలుస్తుందో చెప్తాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు మీట్స్ శాతాన్ని ‘పాస్ శాతం’ అనుకుంటారు.

స్టార్‌లో నాలుగు స్థాయిలు ఉంటాయి: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ చేరితే పరీక్ష పాసైనట్టే లెక్క. మీట్స్ అంటే ఆ తరగతికి కావలసిన జ్ఞానం పిల్లవాడిలో గట్టిగా ఉందని, పై తరగతిలో పెద్దగా సహాయం అవసరం రాదని అర్థం. కాబట్టి 58 శాతం మీట్స్ అన్నప్పుడు మిగిలిన 42 శాతం మంది తప్పారని కాదు; వాళ్ళలో ఎక్కువమంది అప్రోచెస్‌లో ఉండి ఉండవచ్చు. మీట్స్ గీతకు ఒక్క ప్రశ్న తేడాతో ఇవతల ఆగిపోయిన పిల్లవాడు, ఏమీ రాని పిల్లవాడు, ఇద్దరూ ఈ శాతంలో ఒకేలా కనిపిస్తారు. అందుకే స్కూల్ పేజీలో మీట్స్ ఒక్కటే చూడకుండా నాలుగు స్థాయిల పట్టీని పూర్తిగా చూడమని నా సలహా. పోయిన ఏడాదితో పోలిస్తే అట్టడుగు పట్టీ పెరిగిందా, లేక అప్రోచెస్ మాత్రమే పెరిగిందా అన్నది చాలా పెద్ద తేడా. మొదటిది పునాది లోపం, రెండోది చివరి మెట్టు దగ్గర తడబాటు.

ఇక మూడో తరగతి మ్యాథ్ గురించి. గుణకారం, భాగహారం నిజంగా మొదలయ్యేది ఆ ఏడాదే. భిన్నాలను సంఖ్యారేఖ మీద గుర్తించడం కూడా అప్పుడే వస్తుంది. క్యాలిక్యులేటర్ ఉండదు. ప్రశ్నలు చాలావరకు మాటల్లో ఉంటాయి, వాటిలో రెండు అంచెల్లో చేయవలసినవి ఎక్కువ. మొదటి రెండు తరగతుల్లో కూడికలు, తీసివేతలు చకచకా చేసి ‘మ్యాథ్‌లో చురుకు’ అనిపించుకున్న పిల్లలు ఈ మలుపు దగ్గర ఆగిపోవడం నేను ప్రతి సంవత్సరం చూస్తున్నాను. మా దగ్గరికి నాలుగో తరగతికి వచ్చేసరికి వాళ్ళలో కొందరికి ఎనిమిది ఆర్లు ఎంత అని అడిగితే ఇంకా వేళ్ళు లెక్కపెట్టుకోవలసి వస్తుంది, అప్పుడు భిన్నాల సంగతి ఇక చెప్పనక్కరలేదు.

రీడింగ్ ఎందుకు పెరిగిందన్నది వేరే కథ. 2019లో వచ్చిన చట్టం ప్రకారం కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు చెప్పే టీచర్లందరూ రీడింగ్ అకాడమీల శిక్షణ పూర్తి చేయవలసి వచ్చింది. అక్షరానికి, ధ్వనికి ఉన్న సంబంధాన్ని క్రమపద్ధతిలో నేర్పడం దానివల్ల చాలా స్కూళ్ళలో పాతుకుంది. మీ స్కూల్ పెరుగుదలకు కారణం ఇదేనని నేను అనలేను గానీ, రెండు సబ్జెక్టులకూ ఒకే రకమైన శ్రద్ధ, ఒకే రకమైన శిక్షణ దొరకలేదన్నది మాత్రం వాస్తవం. కాబట్టి రెండూ ఒకే దిశలో కదలాలన్న నియమం ఏమీ లేదు.

అంకెలరాయుడు:

నేను టీచర్‌ని కాదు, గణాంకాలతో పనిచేసేవాడిని. పలకాబలపం గారు చెప్పినదానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ శాతాలు ఎంతమంది పిల్లల మీద తీసినవి? పోయిన ఏడాది మూడో తరగతిలో ఎంతమంది పరీక్ష రాశారు, ఈ ఏడాది ఎంతమంది రాశారు? ఆ రెండు సంఖ్యలు లేకుండా 13 పాయింట్లు ఎక్కువా తక్కువా అన్నది ఎవరూ చెప్పలేరు.

రెండో సంగతి, మీరు పోలుస్తున్న రెండు ఏడాదుల్లోనూ ఉన్నది వేర్వేరు పిల్లలు. పోయిన ఏడాది మూడో తరగతి పిల్లలు ఇప్పుడు నాలుగో తరగతి పరీక్ష రాశారు. వాళ్ళ ఈ ఏడాది ఫలితం చూశారా? అదే బ్యాచ్ నాలుగో తరగతిలో తన స్థానం నిలుపుకుందో లేదో చూస్తే స్కూల్ గురించి మీకు తెలిసేది చాలా ఎక్కువ.

చుక్కలముగ్గు:

ఇద్దరికీ ధన్యవాదాలు. పీటీఏ సమావేశంలో ప్రిన్సిపల్ చూపించిన స్లైడ్‌లో పిల్లల సంఖ్యలు ఉన్నాయి. పోయిన ఏడాది మూడో తరగతిలో 62 మంది రాస్తే మ్యాథ్‌లో 44 మంది మీట్స్ అందుకున్నారు. ఈ ఏడాది 57 మందిలో 33 మంది. రీడింగ్‌లో పోయిన ఏడాది 39 మంది, ఈ ఏడాది 38 మంది. నాలుగో తరగతి మ్యాథ్ ఈ ఏడాది 73 శాతం అని ఉంది. అంటే పోయిన ఏడాది బ్యాచ్ తగ్గలేదనే కదా?

అంకెలరాయుడు:

తగ్గలేదు, నిలబడింది. కొందరు పిల్లలు వెళ్ళిపోయి కొత్తవాళ్ళు వచ్చి ఉంటారు కాబట్టి అక్షరాలా అదే బ్యాచ్ అనలేం గానీ, 71 నుంచి 73 అంటే ఆ పిల్లలు నాలుగో తరగతిలో జారిపోలేదని చెప్పడానికి సరిపోతుంది.

ఇప్పుడు మీరిచ్చిన సంఖ్యలు ఎంత విలువైనవో చూడండి. మీరు ‘పెరిగింది’ అనుకున్న రీడింగ్‌లో మీట్స్ అందుకున్న పిల్లల సంఖ్య నిజానికి ఒకటి తగ్గింది, 39 నుంచి 38కి. మొత్తం పిల్లలు ఐదుగురు తగ్గారు కాబట్టి శాతం పెరిగినట్టు కనిపించింది, అంతే. మ్యాథ్‌లో పోయిన ఏడాది శాతమే ఈ ఏడాది కూడా రావాలంటే 57 మందిలో 40 మంది అందుకోవలసింది, 33 మంది అందుకున్నారు. ఏడుగురు పిల్లల తేడా. 57 మంది ఉన్న తరగతిలో ఒక్కొక్క పిల్లవాడి విలువ దాదాపు 1.75 పాయింట్లు. ఆ ఏడుగురిలో ఇద్దరు పరీక్ష రోజు జ్వరంతో వచ్చి ఉండవచ్చు, ఒకరు జనవరిలో వేరే రాష్ట్రం నుంచి చేరి ఉండవచ్చు, ముగ్గురు గీతకు ఒక ప్రశ్న ఇవతల ఆగి ఉండవచ్చు. ఉండవచ్చు అంటున్నాను, ఉన్నారని కాదు.

గణాంకాల లెక్కలో చెప్పాలంటే, ఇలాంటి రెండు బ్యాచ్‌ల మధ్య తేడాకు ఉండే ప్రామాణిక దోషం, అంటే కేవలం యాదృచ్ఛికంగా మామూలుగా వచ్చే ఊగిసలాట, సుమారు 8.7 పాయింట్లు. మీరు చూసిన 13 పాయింట్లు దానికి ఒకటిన్నర రెట్లు. బోధనలో ఏ మార్పూ లేని స్కూల్‌లో కూడా, కేవలం ఏ ఏడాది ఏ పిల్లలు వచ్చారన్న యాదృచ్ఛికత వల్ల, ఇంత తేడా లేదా ఇంతకంటే పెద్ద తేడా ఏడెనిమిదేళ్ళకు ఒకసారి కనిపిస్తుంది. అంటే దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం, అలాగని దీన్నొక్కదాన్నే పట్టుకుని ఇల్లు మారేంత బలమూ దీనికి లేదు. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే ఆర్థికవేత్తలు ఇరవై ఏళ్ళకు పైగా క్రితమే నార్త్ కరొలైనా స్కోర్లతో ఈ సంగతి చూపించారు: చిన్న స్కూళ్ళు అందరికంటే పైనా కనిపిస్తాయి, అందరికంటే కిందా కనిపిస్తాయి, మరుసటి ఏడాది మళ్ళీ మధ్యకు వస్తాయి. బహుమతులూ శిక్షలూ రెండూ వాటికే ఎక్కువగా దక్కుతుంటాయి.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి, మూడేళ్ళు కలిపి చూడండి. అప్పుడు ఐదు వందల పైచిలుకు ఫలితాలు ఉంటాయి, ఏడుగురు పిల్లలు ఆ అంకెను అటూ ఇటూ ఊపలేరు.

ఇంకొక మాట. పత్రికల్లో వచ్చే ‘దేశంలో మూడోవంతు పిల్లలే రీడింగ్‌లో ప్రొఫిషియంట్’ అన్న వార్తను మీ స్కూల్ అంకెలతో పోల్చకండి. అది నేప్ అనే జాతీయ పరీక్ష. ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు కొద్దిమంది పిల్లలను ఎంచి రాయిస్తారు. అందులో ఏ ఒక్క స్కూల్‌కూ విడిగా ఫలితం రాదు. అక్కడి ప్రొఫిషియంట్ గీత చాలా రాష్ట్రాల గీతల కంటే ఎత్తుగా ఉంటుంది, అది ‘తరగతి స్థాయి’ కాదని ఆ పరీక్ష నిర్వాహకులే స్పష్టంగా రాస్తారు. దేశం మొత్తం మీద దిశ తెలుసుకోవడానికి మాత్రం దానికి మించినది లేదు: నాలుగో తరగతి మ్యాథ్ సగటు 2019 నుంచి 2022కు 5 పాయింట్లు పడిపోయి 2024లో 2 పాయింట్లు కోలుకుంది, రీడింగ్ 2022లో 3 పాయింట్లు తగ్గి, 2024లో మరో 2 తగ్గింది.

ఇద్దరిపిల్లలనాన్న:

రాయుడు గారి లెక్క తప్పని నేను అనను. అయితే ఈ వాదనను ప్రతిసారీ వాడితే ఏ స్కూల్‌నూ ఎప్పుడూ ప్రశ్నించలేం. ‘సంఖ్య చిన్నది, యాదృచ్ఛికం’ అని మొదటి ఏడాది అంటారు, ‘కొత్త పరీక్షా విధానం’ అని రెండో ఏడాది అంటారు, మూడో ఏడాదికి మన పిల్లలు ఐదో తరగతి దాటిపోతారు. గణాంకాలవారికి రుజువు కావడానికి మూడేళ్ళు పడుతుంది; మూడో తరగతి చదివే పిల్లకు ఆ మూడేళ్ళే మొత్తం ఎలిమెంటరీ మ్యాథ్.

మా పెద్దవాడి విషయంలో మేము ఇలాగే ‘ఒక్క ఏడాదే కదా’ అనుకుని ఊరుకున్నాం. తరువాత తెలిసింది ఏమిటంటే, ఆ ఏడాది ఒక సెక్షన్‌కు జనవరి నుంచి శాశ్వత టీచర్ లేరు. దీర్ఘకాలిక సబ్‌స్టిట్యూట్ నడిపించారు, ఆయన మ్యాథ్ చెప్పగలిగినవారు కాదు. స్కూల్ సగటులో అది కొద్దిపాటి తగ్గుదలగానే కనిపించింది, ఆ సెక్షన్‌లో కూర్చున్న పిల్లలకు మాత్రం సగం ఏడాది పోయింది. కాబట్టి చుక్కలముగ్గు గారూ, 13 పాయింట్లు ఉత్త యాదృచ్ఛికమా, నిజమైన సంకేతమా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం కంటే, వెళ్ళి అడగండి. సెక్షన్లవారీగా ఫలితం ఎలా ఉంది, ఎవరైనా టీచర్ మధ్యలో వెళ్ళిపోయారా అని అడిగే హక్కు మీకుంది. పేర్లు చెప్పరు, చెప్పనక్కరలేదు కూడా. సమాధానం చెప్పే తీరులోనే చాలా తెలుస్తుంది.

పక్క డిస్ట్రిక్ట్‌లో 80 శాతం అన్నదాన్ని కూడా తేలిగ్గా తీసెయ్యకండి. చుట్టూ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది గట్టిగా ఉంటే తరగతి వేగం మారుతుంది, టీచర్ వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పవలసిన సమయం తగ్గుతుంది. ఇది ఎవరూ పైకి అనరు, కానీ అందరూ ఆ లెక్కతోనే ఇళ్ళు కొంటారు.

పలకాబలపం:

ఇద్దరిపిల్లలనాన్న గారు సబ్‌స్టిట్యూట్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మేము స్కూల్ లోపల స్కోర్లు తగ్గినప్పుడు మొదట చూసుకునేది కూడా అదే: ఏ గదిలో, ఎప్పటి నుంచి. టీచర్ల కొరత ఉన్నచోట మ్యాథ్ మీదే ముందు దెబ్బ పడుతుంది, ఎందుకంటే కథల పుస్తకం చదివించగల సబ్‌స్టిట్యూట్ దొరుకుతారు గానీ భిన్నాలు అర్థమయ్యేలా చెప్పగలవారు అంత సులభంగా దొరకరు.

80 శాతం గురించి మాత్రం నాకు భిన్నాభిప్రాయం ఉంది. మీట్స్ శాతం చాలావరకు ఆ స్కూల్ సరిహద్దు లోపల ఎవరు నివసిస్తున్నారో చెబుతుంది. పిల్లవాడు కిండర్‌గార్టెన్‌లో అడుగుపెట్టే నాటికే ఇంట్లో విన్న మాటలు, చూసిన పుస్తకాలు, ప్రీస్కూల్, ఇవన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ బృందం దేశంలోని స్కూల్ డిస్ట్రిక్ట్‌లన్నింటి స్కోర్లను ఒకే కొలబద్ద మీదికి తెచ్చి చూసినప్పుడు సగటు స్కోర్లకు కుటుంబాల ఆర్థిక స్థితితో చాలా దగ్గరి సంబంధం కనిపించింది గానీ, పిల్లలు ఏడాదికి ఎంత ఎదిగారన్నదానికి ఆ సంబంధం చాలా బలహీనంగా ఉంది. షికాగో పబ్లిక్ స్కూళ్ళ పిల్లలు మూడో తరగతిలో దేశ సగటుకు బాగా వెనక ఉండి, ఎనిమిదో తరగతి వచ్చేలోపు ఐదేళ్ళలో ఆరేళ్ళ ఎదుగుదల చూపించారని 2017లో ఆయన లెక్క తేల్చారు. సగటు మాత్రమే చూసే తల్లిదండ్రులకు ఆ స్కూళ్ళు ఎప్పటికీ కనబడవు.

మన రాష్ట్ర రేటింగ్‌లో దీనికి ఉపయోగపడే భాగం ఒకటి ఉంది. ఏ, బీ, సీ అన్న అక్షరం ఒక్కటే చూసి ఊరుకోకుండా ‘స్కూల్ ప్రోగ్రెస్’ అన్న విభాగం తెరవండి. అందులో మొదటి భాగం ఒక్కొక్క పిల్లవాడు పోయిన ఏడాది ఉన్న స్థాయి నుంచి ఈ ఏడాది ఏ స్థాయికి వెళ్ళాడో చూస్తుంది. రెండో భాగం మీ స్కూల్‌ను, పేదకుటుంబాల పిల్లలు దాదాపు అదే నిష్పత్తిలో ఉన్న ఇతర స్కూళ్ళతో పోలుస్తుంది. మీ స్కూల్‌కూ ఆ పక్క డిస్ట్రిక్ట్ స్కూల్‌కూ ఈ రెండు భాగాలు పక్కపక్కన పెట్టి చూస్తే 58కి, 80కి మధ్య ఉన్న దూరంలో బోధన వాటా ఎంతో కొంత అంచనా వస్తుంది. ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి: మూడో తరగతికి ముందు స్టార్ లేదు కాబట్టి మూడో తరగతి పిల్లలకు ‘ఎదుగుదల’ లెక్క ఉండదు. ఐదో తరగతితో ముగిసే స్కూల్‌లో ఆ ఎదుగుదల భాగం మొత్తం నాలుగు, ఐదు తరగతుల మీదే నిలబడుతుంది. కిండర్‌గార్టెన్ నుంచి మూడు వరకు జరిగిన పని, అంటే ఎలిమెంటరీలో సగానికి పైగా, అందులో కనిపించదు. ఆ పని ఎక్కువగా చేసే సహోద్యోగులు దీని గురించి చాలాసార్లు బాధపడటం విన్నాను.

అడగకపోయినా ఇంకొకటి చెప్తాను. ఏడాది మధ్యలో బెంచ్‌మార్క్ పరీక్ష పెట్టాక, గీతకు కొంచెం ఇవతల ఉన్న పిల్లలను ప్రత్యేకంగా కూర్చోబెట్టి తోమే అలవాటు కొన్ని స్కూళ్ళలో ఉంది. వాళ్ళను మేము ‘బబుల్ కిడ్స్’ అంటాం. దానివల్ల శాతం పెరుగుతుంది, బాగా వెనకబడినవారికి గానీ బాగా ముందున్నవారికి గానీ ఒరిగేది తక్కువ. అందుకే ఒక్క ఏడాదిలో శాతం బాగా పెరిగిందని విన్నప్పుడు కూడా నేను వెంటనే సంబరపడను. శాతం కోసం ఒత్తిడి హద్దు దాటితే ఏమవుతుందో అట్లాంటాలో చూశాం: 2009 పరీక్షల మీద జార్జియా రాష్ట్రం జరిపిన విచారణ 44 స్కూళ్ళలో 178 మంది టీచర్లు, ప్రిన్సిపల్స్ పిల్లల జవాబులను మార్చడం వంటి మోసంలో పాలుపంచుకున్నారని 2011లో తేల్చింది. ఆ పిల్లల స్కోర్లు అన్నీ బాగున్నట్టే కనబడ్డాయి, అందువల్ల వాళ్ళకు అందవలసిన అదనపు సహాయం అందలేదు.

ఉత్తరపుగాలి:

మన తెలుగువాళ్ళు తరచుగా తికమకపడే రెండు విషయాలు చెప్పి తప్పుకుంటాను. మీ అమ్మాయికి స్కూల్ ఏడాదికి రెండు మూడుసార్లు పెట్టే మ్యాప్ వంటి పరీక్షలో 68 పర్సంటైల్ వచ్చిందంటే నూటికి 68 మార్కులు వచ్చాయని కాదు, అదే తరగతి పిల్లల్లో సుమారు 68 శాతం మంది కంటే ముందుందని. మా ఇంట్లో ఈ అపార్థంతో ఒక వారం పాటు మంచి రభస జరిగింది. 

రెండోది, స్కూల్‌లో చేర్చినప్పుడు ఇంట్లో మాట్లాడే భాష తెలుగు అని రాసిన పిల్లలకు ఇంగ్లిష్ పరీక్ష పెట్టి, కొందరిని ‘ఎమర్జెంట్ బైలింగ్వల్’ (ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్నవారు) జాబితాలో చేరుస్తారు. ఆ జాబితా స్కోర్లు ఎప్పుడూ తక్కువగానే ఉంటాయి, ఎందుకంటే ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ళు అందులోంచి బయటికి వెళ్ళిపోతూ ఉంటారు. ఆ వరుస చూసి స్కూల్ మన పిల్లలకు చెప్పడం లేదని కంగారుపడవద్దు.

చుక్కలముగ్గు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం రోజుల్లో కొంత పని చేశాను. మూడు తరగతులు, మూడేళ్ళు కలిపి చూస్తే మా స్కూల్ మ్యాథ్ మీట్స్ శాతం అరవైల మధ్యలో, పెద్దగా కదలకుండా ఉంది. నాలుగు స్థాయిల పట్టీ చూస్తే ఈ ఏడాది మూడో తరగతిలో పెరిగింది ఎక్కువగా అప్రోచెస్ భాగమే. అట్టడుగు భాగం కొద్దిగానే పెరిగింది. పోయిన ఏడాది రేటింగ్‌లో ఎదుగుదల భాగంలో మా స్కూల్‌కూ ఆ పక్క స్కూల్‌కూ దాదాపు ఒకే మార్కు ఉంది. దాంతో మావారు కొంత మెత్తబడ్డారు, లీజు ఇంకొక ఏడాది పొడిగించుకుందామన్న ఆలోచనకు వచ్చాం.

అసిస్టెంట్ ప్రిన్సిపల్‌ను కలిశాను కూడా. మూడో తరగతి మూడు సెక్షన్లలో ఒకదానికి ఫిబ్రవరి తరువాత శాశ్వత టీచర్ లేరని ఆవిడ దాచకుండా చెప్పారు. ఇద్దరిపిల్లలనాన్న గారూ, మీరు అన్నట్టే. అయితే తగ్గుదల ఆ ఒక్క సెక్షన్‌లోనే ఉందా అని అడిగితే, మూడింటిలోనూ ఉందని, అందులో ఎక్కువ తగ్గుదల సంఖ్యల రూపాలు, సంబంధాలు అన్న విభాగంలో ఉందని అన్నారు. అంటే అది టీచర్ లేకపోవడం వల్ల వచ్చిందేనా, కాదా? ప్రిన్సిపల్‌తో వచ్చే నెలలో మరో సమావేశం ఉంది. అక్కడ ఏం అడగాలి?

అంకెలరాయుడు:

మూడు సెక్షన్లలోనూ అదే విభాగంలో తగ్గితే అది ఒక్క గది సమస్య అయ్యే అవకాశం తగ్గుతుంది. నేను యాదృచ్ఛికత వైపు ఎక్కువ మొగ్గాను, ఈ సమాచారం నన్ను నిజమైన కారణం ఏదో ఉందన్న వైపు కొంచెం లాగుతోంది. ఒక్కొక్క సెక్షన్‌లో 19 మందే ఉంటారు కాబట్టి సెక్షన్ల శాతాలను పోల్చడం మొదలుపెడితే మాత్రం మళ్ళీ అదే గోతిలో పడతాం. ప్రశ్నల విభాగాల వారీగా వచ్చిన సగటు మార్కులు వేరు, అవి గీత దాటారా లేదా అన్న శాతం కంటే నిలకడైన కొలత.

పలకాబలపం:

ఆ విభాగంలోనే స్థానవిలువలూ భిన్నాలూ ఉంటాయి. మూడు గదుల్లోనూ అక్కడే తగ్గిందంటే నా అనుమానం పాఠ్యక్రమం మీదికి వెళ్తుంది: ఆ ఏడాది పాఠ్యపుస్తకమో, పాఠాల వరుసో మారిందేమో, భిన్నాల పాఠం పరీక్షకు మరీ దగ్గరగా జరిగిందేమో. భిన్నాలను ఏప్రిల్‌లో హడావిడిగా ముగించిన ఏడాది మా దగ్గర కూడా ఇలాగే జరిగింది. కాబట్టి సమావేశంలో ‘స్కోరు ఎందుకు తగ్గింది’ అని అడగకండి, దానికి ఎవరైనా ‘పరిశీలిస్తున్నాం’ అనే చెప్తారు. వచ్చే ఏడాది మూడో తరగతిలో భిన్నాలు ఏ నెలలో మొదలవుతాయి, ఎన్ని వారాలు చెప్తారు, ఖాళీగా ఉన్న సెక్షన్‌కు టీచర్‌ను తీసుకున్నారా, ఈ ఏడాది నాలుగో తరగతికి వెళ్తున్న ఆ 57 మందికి తప్పిపోయిన భాగాన్ని ఎప్పుడు మళ్ళీ చెప్తారు అని అడగండి. చివరి ప్రశ్న మీ అమ్మాయికి సంబంధించినది కాకపోయినా అడగండి. దానికి సిద్ధంగా సమాధానం ఉన్న స్కూల్, తన ఫలితాలను చదువుకున్న స్కూల్. అప్రోచెస్ కూడా అందని పిల్లలకు అదనపు బోధన ఇవ్వాలని చట్టమే చెబుతుంది. అప్రోచెస్‌లో ఆగిన పిల్లలకు ఏ చట్టమూ లేదు, మీ స్కూల్‌లో పెరిగింది వాళ్ళే.

మీ అమ్మాయి విషయానికి వస్తే, రెండో తరగతి చివర స్కూల్ పెట్టిన మ్యాథ్ పరీక్ష రిపోర్టు తెప్పించుకుని, మొత్తం స్కోరు పక్కన పెట్టి, స్థానవిలువ, మాటల లెక్కలు అన్న భాగాల్లో ఎక్కడుందో చూడండి. వచ్చే జూన్‌లో తన స్టార్ ఫలితం వచ్చాక ఫ్యామిలీ పోర్టల్‌లో ప్రతి ప్రశ్నా, దానికి తను రాసిన జవాబూ కనిపిస్తాయి. చాలామంది తల్లిదండ్రులు స్థాయి పేరు చూసి ఆ పేజీ మూసేస్తారు, తెరిచి చదవవలసింది అదే. 2027-28 నుంచి స్టార్ స్థానంలో ఏడాదికి మూడు చిన్న పరీక్షలు రాబోతున్నాయి కాబట్టి మీ అమ్మాయి పై తరగతులకు వచ్చేసరికి ఈ అంకెలను పాత అంకెలతో పోల్చడం ఇంకా కష్టమవుతుంది. ఇప్పుడున్న మూడేళ్ళ పట్టికలను దింపుకుని దాచుకోండి. ప్రిన్సిపల్‌కు మీ ప్రశ్నలను సమావేశానికి ఒక వారం ముందే మెయిల్‌లో పంపితే, విభాగాల రిపోర్టు తెప్పించి దగ్గర పెట్టుకోవడానికి ఆవిడకు వ్యవధి ఉంటుంది.